మా మామ బీరువాలో మా పెదనాయన రొమ్ము

హిందూపురంలో మా మామకు ఒక అలవాటు ఉండేది. ఇంటికి ఎవరన్నా పెద్దమనిషి వస్తే, కాఫీ తాగినాక, బీరువా తెరిచి పట్టుపంచెల కింద నుంచి ఒక ఎక్స్‌రే ఫోటో తీసేవాడు. కిటికీ రెక్కలు బార్లా తెరిచి, ఫోటోను వెలుతురుకు పట్టి, "చూడప్పా, మా వియ్యంకుని రొమ్ము. యాడన్నా మచ్చ ఉండాదేమో చూడు. అద్దం, అద్దం!" అనేవాడు. వచ్చినోళ్ళు పాపం ఏం చెప్తారు? ఆ నల్లటి ఫిలింలో తెల్లటి ఎముకలు చూసి, అర్థమైనట్ల తలకాయ ఊపి, బాగుండాదనేవాళ్ళు. మా మామది బెల్లం మండీ. బెల్లం అచ్చు చేతిలో పట్టుకుని రంగు చూపించి మెచ్చుకున్నట్లే మా నాయన రొమ్మును మెచ్చుకునేవాడు.

ఆ పొద్దు మా నాయన మా ఇంట్లోనే ఉంటే ఆయన్ని కూడా పిలిచి, పక్కన నిలబెట్టి మరీ చూపించేవాడు. మా నాయన చేతులు కట్టుకుని, నేల చూపులు చూస్తా నిలబడేవాడు. నాకేమో లోపల పొంగు. మా నాయన సిగ్గరి, పొగిడితే ఓర్చుకోలేడు అనుకునేదాన్ని. ఎంత తిక్కదాన్ని!

ఆ రొమ్ము మా నాయనది కాదు. మా పెదనాయనది. మా పుట్టింట్లో నాకు తప్ప అందరికీ ఆ సంగతి తెలుసు.

మా ఊరు పెనుకొండకు దగ్గర, కొండ వెనక పల్లె. నాయన, పెదనాయన ఒకే ఇంట్లో ఉండి ఒకే సేద్యం చేసేవాళ్ళు. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నన్ను సాకింది మా అవ్వ, అంటే నాయన తల్లి. పెదనాయనకు బిడ్డల్లేరు. ఇంటి పెత్తనమంతా ఆయనదే. మాట కటువు, చెయ్యి బరువు, తనకు తెలియంది లోకంలో లేదనుకునే రకం. మా నాయన అట్ల కాదు. అన్న కూర్చోమంటే కూర్చునేది, లెయ్యమంటే లేసేది. ఆయన సొంతంగా చేసుకునే పని బీడీ తాగడం ఒక్కటే.

నా పెండ్లి మాటలు మొదలుకాకముందు, ఒక ఎండాకాలంలో, మా నాయనకు పొద్దుగూకే యాళకు జ్వరం, ఆగని దగ్గు పట్టుకున్నాయి. మనిషి చిక్కి సగమైనాడు. వేరుశనగ మిల్లులో పనుండాదని ఊర్లో చెప్పి, ధర్మవరంలో ఒక డాక్టరు దగ్గరికి పోయినాడు. ఆ డాక్టరు ఎక్స్‌రే తీసి, కుడిపక్క పైన చింతగింజంత మచ్చ చూపించి, క్షయ అన్నాడు. ఆ మాట బయటికి పొక్కితే ఇంకేమన్నా ఉండాదా! క్షయ ఉండే ఇంట్లో ఆ కాలంలో ఎవరూ మంచినీళ్ళు కూడా తాగేవాళ్ళు కాదు, ఆ ఇంటి పిల్లను చేసుకునేది దేవుడెరుగు. దొంగచాటుగా రైలెక్కి ధర్మవరం పోయి సూదులు వేయించుకుంటా వచ్చినాడు. జ్వరం పోయింది, దగ్గు తగ్గింది, ఒంటికి కండ పట్టింది. మచ్చ మాత్రం అట్లే ఉండిపోయింది. "అది మానిపోయిన పుండు గుర్తప్పా, ఇంకేం చెయ్యదు. కానీ ఈ ఫోటో పారేయగాకు. రేపెప్పుడన్నా వేరే డాక్టరు నీ రొమ్ము చూస్తే, ఇది ఆయన ముందర పెట్టాల" అని ఆ డాక్టరు గట్టిగా చెప్పినాడంట. ఇదంతా నాకు శానా ఏండ్ల తర్వాత మా అవ్వ చెప్పింది.

అంతలో హిందూపురం సంబంధం వచ్చింది. బెల్లం మండీ, మిద్దె ఇల్లు, ఒక్కడే కొడుకు. మా పెదనాయన ఎగిరి గంతేసినాడు. పిల్లను చూసుకుని, నచ్చిందని కబురు చేసినాక, మా మామ ఒక మెలిక పెట్టినాడు. "పిల్ల నాయనకు దగ్గుండాదని విన్నాము. తప్పుగా అనుకోవద్దు. మా ఊర్లో డాక్టరు దగ్గర రొమ్ము ఫోటో తీయించండి. అది మా దగ్గరే ఉంటాది" అన్నాడు. మా ఇంట్లో ఆ పొద్దు పొయ్యి ఎలిగించలేదంట. మా నాయన, "వద్దులేన్నా, ఈ సంబంధం పోనీ" అన్నాడంట. మా పెదనాయన వింటాడా?

"ఇద్దరమూ ఒకే కడుపున పుట్టినోళ్ళమే గదా. రొమ్ములో ఏమంత తేడా ఉంటాది? నేను పోయి నిలబడతా" అన్నాడంట. చూసినారా తెలివి! పోయి, మా నాయన పేరు చెప్పి, చొక్కా విప్పి, ఆ చల్లటి రేకుకు రొమ్ము ఆనించి నిలబడి, ఊపిరి బిగబట్టమంటే బిగబట్టి వచ్చినాడు. పెదనాయన బీడీ ముట్టడు. ఆయన ఊపిరితిత్తులు కడిగిన పలకల మాదిరి వచ్చినాయి. ఆ ఫోటో మా మామ బీరువాలోకి చేరింది. నేను ఆ ఇంటి కోడలినైనా.

ధర్మవరంలో తీసిన అసలు ఫోటోను పొయ్యిలో పెట్టమని పెదనాయన అవ్వకు చెప్పినాడు. మా అవ్వ ఒప్పుకోలేదు. "బతికుండే బిడ్డ రొమ్మును మంటల్లో పెట్టమంటావా? నీ నోట్లో మన్ను పడ" అని పెద్దకొడుకును తిట్టి, దాన్ని పాత చీరలో చుట్టి రాగుల గాదెలో అడుక్కు తోసింది.

ఇప్పుడు మా ఆయన సంగతి చెప్పాల. మా ఆయనకు మూర్ఛ. పెండ్లయిన కొత్తల్లోనే, పండక్కి కొత్త చొక్కా తొడుక్కుంటా తొడుక్కుంటా నా ముందరే దబ్బున పడి, నోట నురగ కక్కుకుని కొట్టుకున్నాడు. నేను కేక పెడితే మా అత్త పరిగెత్తుకొచ్చి, ఆయన చేతిలో బీరువా తాళాలగుత్తి పెట్టి, నా నోరు మూసింది. "అరవగాకు, ఇరుగుపొరుగు వింటారు. చిన్నప్పటి నుంచీ ఉండేదే" అనింది. చిన్నప్పటి నుంచీ ఉండేదంట! మా నాయన రొమ్ము ఫోటో అడిగినోళ్ళు, వాళ్ళ కొడుకు తలకాయలో ఏముండాదో మాత్రం చెప్పలేదు. నాకు కడుపు మండిపోయింది. మా నాయన వస్తే అంతా చెప్పి, ఆ ఇంట్లో రెండు మాటలు అడిగించాలని కాసుకుని కూర్చున్నా.

నాయన వచ్చినాడు. నేను చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. భోజనాల దగ్గరే మా ఆయన విస్తరి మీద పడి కొట్టుకున్నాడు. మా నాయన చూసినాడు. ఎంగిలి చెయ్యితోనే మా ఆయన తలకాయ నేలకు తగలకుండా పట్టుకున్నాడు. అంతా అయినాక చెయ్యి కడుక్కుని, "పోయొస్తా పాపా" అన్నాడు. ఒక్క మాట అడగలేదు. నేను వాకిలి దాకా పోయి, "ఏం నాయనా, నీకు రోషం లేదా? నీ బిడ్డ గొంతు కోసినారు గదా" అంటే, "సర్దుకో పాపా" అని తువ్వాలు భుజాన వేసుకుని పోయినాడు. అడగడానికి ఆయనకు నోరెట్ల వస్తాది? అది నాకు అప్పుడు తెలియదు గదా. చేతకానోడని మా నాయన్ని మనసులో తిట్టుకున్నా.

ఇంకొకటి కూడా ఉండె ఆ ఇంట్లో. మా నాయనకు వేరే గ్లాసు. వాకిలి పక్కన గూట్లో, సొట్టలు పడిన సత్తు గ్లాసు. ఆయన వస్తే మా అత్త దాంట్లోనే, చెంబు పైకెత్తి, తగలకుండా నీళ్ళు పోసేది. కాఫీ అయినా, మజ్జిగ అయినా దాంట్లోనే. మిగిలినోళ్ళంతా ఇత్తడి గ్లాసుల్లో తాగేవాళ్ళు. ఏందత్తా ఇదంటే, "నాకు మడి" అనేది. బెల్లం మూటలు మోసే కూలోళ్ళకు మా అత్త ఇత్తడి గ్లాసులోనే నీళ్ళిచ్చేది. అదేం మడో నాకు అంతుబట్టేది కాదు.

అట్ల కొన్నేండ్లు గడిచినాయి. నేను హిందూపురం మనిషినైపోయినా. మండీకి వచ్చే మడకశిర రైతులతో కన్నడం మాట్లాడి, మాట్లాడి, అది కూడా తెలుగంత ధారాళంగా వచ్చేసింది. ఒక చలికాలం మా నాయన మా ఇంటికొచ్చినప్పుడు దగ్గినాడు. దగ్గి, తువ్వాలు చూసుకుని మడిచి పెట్టుకున్నాడు. నేను లాక్కుని చూసినా. నెత్తురు. మా మామ వెంటనే డాక్టరు దగ్గరికి తోలుకుపోయి ఫోటో తీయించినాడు. కుడిపక్క పైన మచ్చ కనపడింది. ఇది రాచపుండు కావచ్చు, బెంగుళూరు పోండి, ఆలస్యం చేయొద్దన్నాడు డాక్టరు.

మా మామ అన్నీ తానే అయినాడు. రైలు టికెట్లు, బెంగుళూరులో దిగడానికి చుట్టాలిల్లు, పెద్దాసుపత్రిలో తెలిసినోళ్ళు, అన్నీ ఆయనే చూసినాడు. "మా బావకు నేనుండా" అని మండీ మూసిపెట్టి వచ్చినాడు. కన్నడం మాట్లాడేదానికి నన్ను కూడా రమ్మన్నారు. ఇట్లాంటి మామ ఎవరికి దొరుకుతాడని వీధంతా అనింది. నేనూ అనుకున్నా. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తాది.

బెంగుళూరులో మా నాయన్ని ఒక బల్ల మీద పడుకోబెట్టి, పైన మిషను ఇటుపక్క నుంచి అటుపక్కకు జరుపుతా, రొమ్మును పొరలు పొరలుగా ఫోటోలు తీసినారు. గొంతులోకి దీపముండే గొట్టం దించి చూసినారు. ఆయన కండ్ల నీళ్ళు కారుతాంటే నేను తుడిచినా. ఆఖరికి కోసే డాక్టరు మమ్మల్ని లోపలికి పిలిచినాడు. గదిలో ఆయన, మా నాయన, మా మామ, నేను. డాక్టరు మంచోడే, నిదానంగా కన్నడంలో చెప్తా వచ్చినాడు, నేను తెలుగులో చెప్తా వచ్చినా.

"గొట్టం పోయినంత దూరం ఏమీ కనపడలేదు. మచ్చ అంచులో ఉండాది. పొరల ఫోటోల్లో చూసినా దాని మొగం సరిగా తెలియడం లేదు. సున్నం పేరుకున్నట్ల గట్టిగా తెల్లగా ఉంటే ధైర్యంగా ఉండొచ్చు. ఇది అట్లా లేదు, ఇట్లా లేదు. నాకు తెలియాల్సింది ఒక్కటే. ఈ మచ్చ పాతదా, కొత్తదా? పాతదై, ఇన్నేండ్లూ పెరక్కుండా ఉండాదంటే అది క్యాన్సరు కాదు. నేను కత్తి ముట్టుకోను, ఇంటికి పంపిస్తా. కొత్తగా వచ్చిందంటే మాత్రం క్యాన్సరే అనుకోవాల. పక్కటెముకలు తెరిచి కుడి తిత్తి మొత్తం తీసేయాల. ముందెప్పుడన్నా తీసిన ఫోటో ఉండాదా?"

నేను ఇదంతా మా నాయనకు ఒక్క ముక్క వదలకుండా చెప్పినా. ఆయన నోరు తెరవకముందే మా మామ సంచిలో చెయ్యి పెట్టినాడు. "ఉండాది సార్. పెండ్లప్పుడు తీయించింది. నేను భద్రంగా పెట్టినా" అని బీరువాలోని ఫోటో తీసి బల్ల మీద పెట్టినాడు.

డాక్టరు రెండు ఫోటోలనూ దీపాల పెట్టె మీద పక్కపక్కన తగిలించినాడు. అన్నదమ్ముల ఎముకలు ఒక్క అచ్చులో పోసినట్లుండె. ఒక దాంట్లో మచ్చ, ఒక దాంట్లో లేదు. ఆయన శానాసేపు చూసి, నా వైపు తిరిగి, "ఇది ఈయనదేనా? అడుగమ్మా" అన్నాడు.

నేను అడిగినా. "నాయనా, ఈ పాత ఫోటో నీదేనా అని అడుగుతాండాడు."

మా నాయన డాక్టరును చూడలేదు. మా మామను చూడలేదు. నన్ను చూసినాడు. పొలం నుంచి వచ్చి, నేను అన్నం తిన్నానా లేదా అని చూసేవాడే, అట్ల చూసినాడు. "అవును పాపా. నాదే" అన్నాడు.

నేను డాక్టరు వైపు తిరిగి, "హౌదు సార్, అవరదే" అన్నా. ఆ మాట కన్నడంలో చెప్పిన నోరు ఇదే. మా మామ పక్కనే కూర్చుని అంతా విన్నాడు. విని, సంచి మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆసుపత్రిలో చేరేదానికి కొన్నాళ్ళు గడువిచ్చినారు. ఒకసారి ఊరికి పోయొస్తానన్నాడు నాయన. నేనూ వెంట పోయినా. పెనుకొండలో దిగి బండి కట్టించుకుని పల్లెకు పోయినాము. అరుగు మీద పెదనాయన కూర్చుని ఉండె. నేను సంబరంగా అంతా చెప్పినా. పాత ఫోటో ఉండేదానికి సరిపోయింది, లేకపోతే ఎట్ల తెలిసేది, మా మామ అది భద్రంగా పెట్టకపోతే డాక్టరుకు క్యాన్సరని తేలేదే కాదు అని గొప్పగా చెప్పినా. పెదనాయన వక్కాకు నములుతా నములుతా ఆగినాడు. ఉమిసి, తువ్వాలు దులుపుకుని, దొడ్లోకి పోయి ఎద్దులకు గడ్డి వేసినాడు. తమ్మున్ని కోయబోతాండారని తెలిసి ఆ మనిషి చేసిన పని అదొక్కటే.

మా అవ్వ మాత్రం నాయన్ని రెక్క పట్టుకుని గాదె గదిలోకి లాక్కుపోయింది. లోపల ఏదో గుసగుస. బయటికొచ్చినప్పుడు అవ్వ కండ్లు చింతనిప్పులు. ఏందవ్వా అంటే పొగ అనింది. ఆ యాళప్పుడు పొయ్యే ఎలిగించలేదు మా ఇంట్లో. పండగా పబ్బం లేకపోయినా కోడి కోసి, కొడుక్కు కొసరి కొసరి వడ్డించింది. అదీ నాకు అప్పుడు తెలియలేదు.

కోసినారు. కుడి తిత్తి మొత్తం తీసేసినారు. నేను వరండాలో నేల మీద కూర్చుని, కనపడిన దేవుండ్లందరికీ మొక్కుకున్నా. తీసిన తిత్తిని పరీక్ష చేసినాక, డాక్టరు నవ్వుతా వచ్చినాడు. "మంచిమాట చెప్తా వినమ్మా. క్యాన్సరు కాదు. ఎప్పుడో వచ్చి మానిపోయిన జబ్బు తాలూకు మచ్చ. నెత్తురు ఊరికే దగ్గు అదురుకు వచ్చుంటాది." నుదురు రుద్దుకుని, "పాత ఫోటోలో ఎందుకు పడలేదో మరి. మీ ఊరి మిషను మంచిది కాదేమో" అన్నాడు.

నేను ఏడ్చి, నవ్వి, ఆయన కాళ్ళకు దండం పెట్టినా. మా మామ వార్డంతా మైసూరుపాకు పంచినాడు. నాయనకు తెలివొచ్చినాక చెవి దగ్గర నోరు పెట్టి, "క్యాన్సరు కాదంట నాయనా! మానిపోయిన పాత మచ్చంట!" అని చెప్పినా. ఆయన మొగం గోడ వైపు తిప్పుకున్నాడు. సంతోషపడవేంది నాయనా అని కసురుకున్నా కూడా. ఆయన ఎందుకట్ల తిప్పుకున్నాడో ఆ పొద్దు నాకు తెలియలేదు.

ఒక తిత్తితో మనిషి ఎట్ల బతుకుతాడో మా నాయన్ని చూసి తెలుసుకున్నా. కుడిభుజం కిందికి జారిపోయింది. అరుగు మీద నుంచి దొడ్లోకి పోవాలంటే నడుమ రెండు చోట్ల కూర్చోవాల. నాగలి పట్టిన మనిషి చెంబెత్తలేకపోయినాడు. ఒక మాట చెప్పాలంటే సగం చెప్పి, గోడ పట్టుకుని, చేప మాదిరి నోరు తెరిచి, మిగిలిన సగం చెప్పేవాడు. కొన్నాళ్ళకు మిగిలిన సగం చెప్పడం మానుకున్నాడు. నన్ను చూడాలని ఎప్పుడన్నా హిందూపురం వస్తే, మా మామ ఆ ఫోటో మళ్ళీ తీసేవాడు. "చూడప్పా, మా బావ రొమ్ము అప్పుడెట్లుండె! ఇప్పుడు మనిషిని చూడు. రాత!" అనేవాడు వచ్చినోళ్ళతో. మా నాయన ఆయాసపడతా, సొట్ట గ్లాసులో నీళ్ళు తాగుతా వినేవాడు.

రెండో ఏడు వానాకాలం, ముసురు పట్టినప్పుడు, ఆ ఒక్క తిత్తికీ నెమ్ము చేరింది. నేను పల్లెకు చేరేసరికి నట్టింట్లో పడుకోబెట్టి ఉండినారు. పాడె కట్టి, ఇంగ ఎత్తుతారనంగా మా అవ్వ లోపలికి పోయింది. పాత చీర మూట తెచ్చింది. రాగులు రాలతాండె దాంట్లో నుంచి. మూట విప్పి, నల్లటి ఫిలిం తీసి, కొడుకు రొమ్ము మీద పెట్టబోయింది. "నీ రొమ్ము నువ్వే తీసుకుని పో నాయనా. బతికుండంగా కాల్చలేదు నేను. ఇప్పుడు నీతోనే కాలనీ" అనింది.

నేను లాక్కున్నా. వాకిట్లోకి పోయి ఆకాశానికి పట్టినా. ముసురు వెలుతురులో కూడా కనపడింది. కుడిపక్క, పైన, చింతగింజంత. మూలన ధర్మవరం డాక్టరు రాసిన మా నాయన పేరు, నా పెండ్లికి ముందటి తేదీ.

"ఏందవ్వా ఇది?" అన్నా. మా అవ్వ చెప్పింది, అందరి ముందరా, శవం పక్కన కూర్చుని. ధర్మవరం, సూదులు, హిందూపురంలో పెదనాయన చొక్కా విప్పి నిలబడింది, అంతా. "బెంగుళూరు నుంచి వచ్చిన పొద్దు, ఈ ఫోటో తీసుకుని పో నాయనా, డాక్టరుకు చూపించు అని కాళ్ళు పట్టుకున్నా. వినలేదు. వియ్యంకుడు పక్కనే ఉంటాడు, బయటపడితే బిడ్డను ఇంటికి తోలేస్తారు, క్షయ ఇంటి పిల్లని మళ్ళీ ఎవరూ గడప తొక్కనీరు అన్నాడు. నోరు తెరిస్తే పాప చచ్చినంత ఒట్టని నీ పేరు మీద ఒట్టేయించుకున్నాడు. నిన్ను సాకిన చేతులే ఇవి. వాడు బతికుండంగా నీ పేరు మీద ఒట్టు ఎట్ల తప్పేది?" అని నెత్తి కొట్టుకుంది. కొడుకును కోయించుకుంది మా అవ్వ, నేను బతకాలని. ఆమెను ఏమనేది?

పెదనాయన్ని మాత్రం వదల్లేదు. నలుగురిలో ఆయన తువ్వాలు మెడకు బిగించి పట్టుకున్నా. "నీ రొమ్ము చూపించి నా తండ్రి తిత్తి తీయించినావు గదరా" అన్నా. పెదనాయన్ని రా అన్నా, అవును, అన్నా. "నీ కాపురం కోసమే గదా పాపా" అన్నాడు ఆ మనిషి, ఏడుస్తా. థూ అని ఉమిసినా. ఫోటోను మాత్రం కాల్చనియ్యలేదు.

కర్మంతరం అయినాక హిందూపురం పోయినా. దోవ పొడుగునా ఒకటే అనుకున్నా. ఇంగ దాచేది లేదు. ఎవరి కోసం దాచాల? నా కాపురం నిలబెట్టాలని మా నాయన ప్రాణమిచ్చినాడు, ఆ కాపురాన్ని నేనే తన్నేస్తా, తోలేస్తే తోలేయనీ. ఇంట్లోకి పోయేసరికి మా మామ భోజనానికి కూర్చుని ఉండె. మా అత్త గుడికి పోయిందంట. నేను చీర కొంగు నడుముకు చెక్కి, ఫోటోను ఆయన విస్తరి పక్కన పెట్టినా.

"ఇది మా నాయన రొమ్ము. ధర్మవరంలో పెండ్లికి ముందు తీసింది. మీ బీరువాలో ఉండేది మా పెదనాయనది. మాది క్షయ ఇల్లు. ఇంగ నన్ను పంపించేయండి" అన్నా.

మా మామ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలి, మింగినాడు. ఎడమ చేత్తో ఫోటో ఎత్తి, కిటికీకి పట్టి, మచ్చ చూసినాడు.

"ఇదేనా అది" అన్నాడు. "మా గుమాస్తాను ఆ పొద్దు డాక్టరు వరండాలో కూర్చోబెట్టినా. తాంబూలాల పొద్దు వాడు మీ నాయన్ని చూసి, ఫోటోకు వచ్చిన మనిషి ఈయన కాదు, ఆ పక్కనుండే ఆయనన్నాడు. అప్పటి నుంచీ తెలుసు నాకు, మీ అత్తకూ."

"తెలిసి ఎట్ల చేసుకున్నారు?"

"మావాని సంగతి తెలిస్తే పిల్లనెవరిస్తారమ్మా? మీరు దాచినారు, మేము దాచినాము. సరికి సరి. నిన్ను పంపించి ఇంకొకతెను యాడి నుంచి తెచ్చేది? నిన్ను ఎప్పుడూ పంపించేవాణ్ణి కాదు."

"మరి ఆ ఫోటో వచ్చినోళ్ళందరికీ..."

"ఎప్పుడన్నా ఒప్పుకుంటాడేమోనని చూసినా. గట్టి మనిషి మీ నాయన."

"బెంగుళూరులో?" అన్నా. "పాతదైతే కోసేది లేదని డాక్టరు చెప్పినప్పుడు, మీరు ఆడే ఉండారు గదా మామా. మీ చేత్తోనే గదా ఆ ఫోటో బల్ల మీద పెట్టింది."

"డాక్టరు అడిగింది మీ నాయన్ని. నాదే అని ఆయనే చెప్పె. పరాయోని ముందర, బావా నువ్వు అబద్ధమాడుతాండావని నేనెట్లంటా? ఆయన మర్యాద ఏం కావాల?" అన్నాడు. నిజంగానే అన్నాడు. ఎగతాళి లేదు ఆ మొగంలో. నాకు అదే ఎక్కువ మండింది. ఫోటో నా చేతికిచ్చి, "మడత పడకుండా బీరువాలో పెట్టు. మజ్జిగ పొయ్యమ్మా" అన్నాడు.

చేతిలో చెంబుండె. మొగాన విసిరికొడదామనుకున్నా. కొట్టలేదు. వాకిలి పక్క గూటి దగ్గరికి పోయినా. మా నాయన సొట్ట గ్లాసు అట్లే బోర్లించి ఉండాది. దాంట్లో నిండా మజ్జిగ పోసి, తెచ్చి, ఆయన ముందర పెట్టినా.

మా మామ గ్లాసును చూసినాడు. నన్ను చూసినాడు. ఇత్తడి గ్లాసు తెమ్మని నోరు తెరవబోయి, తెరవలేదు. అన్నం సగంలో వదిలిపెట్టి లేసి చెయ్యి కడుక్కున్నాడు.

మరుసటి పొద్దు కూడా ఆయనకు దాంట్లోనే పోసి పెట్టినా.